చావలేదు, ఎగిరిపోయింది

నేను ఒక గాలి తుపాకీని. జనం ఎయిర్‌గన్ అంటారు. నాలో మందు లేదు, నిప్పు లేదు. ఒక స్ప్రింగు, ఒక గొట్టం, ఒక కర్ర. గొట్టాన్ని మధ్యకు విరిస్తే స్ప్రింగు ముడుచుకుంటుంది. కందిగింజంత సీసపు గుండు పెట్టి, గొట్టం మూసి, మీట నొక్కితే గాలి ఒక్క తోపు తోస్తుంది. గుండు పోతుంది. నేను చేసేది అంతే.

నాకు కోపం ఎక్కువ. ముందే చెబుతున్నాను. మెత్తగా చెప్పమంటే నా వల్ల కాదు.

ఎక్కడో ఉత్తరాదిన ఒక కార్ఖానాలో పుట్టాను. గొట్టాలు సరిచేసే ముసలాయన ఒకడుండేవాడు. ఒక కన్ను మూసి, నా గొట్టంలోంచి కిటికీ వెలుగు చూసేవాడు. వంకర కనపడితే సుత్తితో ఒక్క తట్టు తట్టేవాడు. మళ్లీ చూసేవాడు. చివరికి “సీదా” అని పక్కన పెట్టాడు. నా గురించి మనిషి అన్న మొదటి మాట అది. నన్ను పెట్టిన అట్టపెట్టె మీద ఎర్ర అక్షరాలు వేశారు. కాగితపు గురికి మాత్రమే, ప్రాణుల మీద వాడరాదు అని. ఆ అట్టపెట్టెను నన్ను కొన్నవాళ్లు మొదటి రోజే చింపి పొయ్యిలో పెట్టుకున్నారు. మనుషులు చదువుకున్నవాళ్లు కదా.

మొదట ఒక కాలేజీలో ఉన్నాను. డ్రిల్లు నేర్పే దైవాదీనం మాస్టారు నన్ను నూనె గుడ్డతో తుడిచేవాడు. గోడకు కాగితం కట్టి, దాని మీద నల్ల చుక్క పెట్టి పిల్లల చేత కొట్టించేవాడు. “పొద్దున ఇంట్లో ఎవరితోనన్నా పోట్లాడి వచ్చినవాడు తుపాకీ ముట్టుకోవద్దు, పోయి వరండాలో కూర్చోండి” అనేవాడు. ఒక్కోరోజు వరండా నిండిపోయేది. కాగితానికి చిల్లు పడితే ఎవరికీ నొప్పి లేదు. నా బతుకులో మంచి రోజులంటే అవే. ఆయన రిటైరయ్యాక నన్ను విరిగిన బెంచీలతో కలిపి అమ్మేశారు.

తర్వాత తిరునాళ్లలో బుడగల కొట్టు. ఆ కొట్టు నడిపే ఆమె మంచి గడుసుది. నా గొట్టం కొసన గురి చూసే చిన్న పుల్ల ఉంటుంది. దాన్ని సుత్తితో రవ్వంత పక్కకు కొట్టింది. ఎవడు గురి చూసి కాల్చినా బుడగ తగిలేది కాదు. కొత్త పెళ్లికొడుకులు పెళ్లాల ముందు పరువు పోగొట్టుకుని, మళ్లీ మళ్లీ కాల్చేవాళ్లు. అది మోసమే. కానీ ఆ మోసంలో చచ్చింది ఎవరూ లేరు. అందుకని ఆమె మీద నాకు కోపం లేదు.

నా కోపం ఆ తర్వాత మొదలయింది.

కొల్లేరు పక్క చేపల చెరువులున్న సత్యంబాబు ఆ తిరునాళ్లకు వచ్చాడు. నన్ను చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. “ఇదేదో మన గట్టు మీదకు పనికొచ్చేటట్టుందే” అన్నాడు. కొన్నాడు. ఊళ్లోకి పోయి గురి పుల్లను సరిచేయించాడు. మళ్లీ సీదా అయ్యాను. ఎందుకయ్యానా అని ఇప్పటికీ ఏడుస్తున్నాను.

చేపల చెరువులు చూడనివాళ్లకు చెబుతాను. కనుచూపు మేర గట్లు, గట్ల మధ్య నీళ్లు. నీళ్లలో శీలావతి, బొచ్చె. మేత సంచులకు చిల్లులు పొడిచి, నీళ్లలో పాతిన కర్రలకు కడతారు. చేపలు మేత కోసం సంచుల చుట్టూ మూగుతాయి. చేపలు మూగిన చోటికి పిట్టలు రావా? నీటికాకులు వస్తాయి, కొంగలు వస్తాయి, గూడబాతులు వస్తాయి. గూడబాతంటే ముక్కు కింద సంచి ఉండే పెద్ద పిట్ట. మునిగి లేచిందంటే ఆ సంచిలో కిలో చేప ఉంటుంది. ఒకప్పుడు అదంతా కొల్లేరు, ఆ చేపలన్నీ వాటివి. గట్లు పోసింది మనుషులు. ఇప్పుడు పిట్టలు దొంగలంట.

ఆ గట్టు మీద కాపలా ఉండేది నాంచారయ్య. నలభై ఏళ్లవాడు, తక్కువ మాట్లాడే మనిషి. అప్పటిదాకా అతను డబ్బా మోగించి, టపాసు కాల్చి పిట్టల్ని లేపేవాడు. అవి లేచి పక్క చెరువులో వాలేవి. పక్క చెరువు కాపలావాడు లేపితే మళ్లీ ఇటు వచ్చేవి. రోజంతా అదే పని.

సత్యంబాబు నన్ను తెచ్చి అతని ఒళ్లో పెట్టాడు.

“ఇదిగో నాంచారయ్యా, నీకు రెండో పెళ్లాం. దీనికి కూడు కూడా పెట్టక్కర్లేదు.”

నాంచారయ్య నన్ను చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“వద్దండి బాబుగారూ. మాది పిట్టల ఊరండి. మా మిట్టగూడెంలో గూడబాతుని రాయి పుచ్చుకు కూడా కొట్టరండి. అయి మా ఆడపడుచులండి.”

“ఊళ్లో కొట్టమన్నానేంట్రా? ఇది నా చెరువు. ఇయి మిట్టగూడెం బాతులని వాటి మొహాన రాసుందా?”

“రాసి లేదనుకోండి...”

“మరింకేంటి! ఒరేయ్, ఇది ఉత్త గాలిరా. తిరునాళ్లలో బుడగలు కొట్టేది. చీమ కుట్టినట్టుంటది. జడుసుకుని పోతాయి. చస్తాయని ఎవడు చెప్పాడు నీకు? నీ చేత కాదంటే చెప్పు, చేతనైనవాణ్ణి పెట్టుకుంటా.”

అలా నేను నాంచారయ్య చేతికి వచ్చాను. అతనికి ఆ పని తప్ప వేరే ఆధారం లేదు. నాకు అది తెలుసు. అయినా చెబుతున్నాను, ఆ రోజు అతను నన్ను కాలువలో పారేసి ఉండాల్సింది.

వాళ్ల ఊరి పద్ధతి అతను గట్టు మీద ఎవరు కూర్చున్నా చెప్పేవాడు. ఆ ఒక్క విషయంలో అతనికి మాటలు వచ్చేవి. మిట్టగూడెం అక్కడికి పాతిక కిలోమీటర్లు. ఊరి నడుమ పదహారు చింతచెట్లున్నాయి. కార్తీకంలో గూడబాతులు వచ్చి వాటి మీద గూళ్లు కడతాయి. పుట్టింటికి పురుటికి వచ్చాయంటారు. అవి ఉన్నన్నాళ్లు ఊళ్లో టపాసు కాల్చరు, పెళ్లికి బ్యాండు పెట్టరు. పిల్లలు ఎగిరి పోయేదాకా చింతకాయ దులపరు. కాయ పండి, రాలి, పురుగు పట్టినా సరే దులపరు. పిట్ట ఏదైనా చనిపోతే ఆడవాళ్లు దానికి నీళ్లు పోసి, పసుపు పూసి, ఇంట్లో ఆడపిల్లను సాగనంపినట్టు పూడ్చిపెడతారు. దాని మీద కత్తి పెట్టరు.

ఆ చివరి మాట గుర్తుంచుకోండి.

మొదట్లో నాంచారయ్య నీళ్లలోకి కాల్చాడు. చప్పుడుకు అవి లేచేవి కాదు. నా చప్పుడెంత, అరచేతులు చరిచినంత. సత్యంబాబు మోటారు సైకిలు మీద వచ్చి చూశాడు.

“చేపల్ని కాలుస్తున్నావేంట్రా? నీ ఆడపడుచులకి ఇంత కట్నం నేనెక్కడ పెట్టను?”

పక్కనున్న కూలీలు నవ్వారు. మర్నాడు నాంచారయ్య గూడబాతు మీదికి నన్ను ఎత్తాడు. కాల్చాడు.

గుండు రెక్క మొదట్లో దిగింది. ఈకల్ని, తోలును దాటి, కీలు పక్కన మాంసంలో ఆగింది. అంతకంటే లోపలికి తోసే బలం నాకు లేదు. పెద్ద తుపాకీ అయితే పిట్ట అక్కడే పడేది. నేను అలా కాదు. నేను సగం చంపుతాను. ఆ పిట్ట ఒళ్లు ఒకసారి విదిలించుకుంది. రెండు అడుగులు నీళ్ల మీద పరుగెత్తింది. లేచింది. పోయింది.

నాంచారయ్య ఊపిరి వదిలాడు.

“చావలేదు, ఎగిరిపోయింది” అన్నాడు. తనకు తానే చెప్పుకున్నాడు.

ఆ మాట అతనికి బలే దొరికింది. రోజూ అదే. పొద్దున నాలుగు గుళ్లు, సాయంత్రం నాలుగు. చావలేదు, ఎగిరిపోయింది. ఒక్క పిట్ట గట్టు మీద చచ్చి పడలేదు. అతను అబద్ధం చెప్పడం లేదు. కళ్లకు కనపడిందే చెప్పాడు. మనుషులకు ఇది బాగా తెలిసిన విద్య. కంటి ముందు చావకపోతే చావనట్టే. గుండు ఎక్కడ దిగిందో నాకు తెలుసు, చెప్పే నోరు లేదు. ఉన్నది ఒక్క గొట్టం. దాంట్లోంచి వచ్చేది సీసమే.

మాఘమాసం వచ్చింది. ఒక మధ్యాహ్నం నాంచారయ్య పాకలో అన్నం తింటున్నాడు. నేను అతని మోకాలికి ఆనుకుని ఉన్నాను. ఫోను మోగింది. చెయ్యి ఎంగిలని ఎడం చేత్తో నొక్కి నేల మీద పెట్టాడు. మాటలన్నీ పైకి వినపడ్డాయి. అతని పెళ్లాం తిరుపతమ్మ.

“ఏవయ్యా, తిన్నావా?”

“తింటన్నా.”

“ఇక్కడ మన పిట్టలు చచ్చిపోతన్నయ్యయ్యా. ఇవాళ్టితో పదకొండు. గూటి మీంచి దబ్బున పడతన్నాయి. రెక్క ఏలాడేసుకుని, నోరు తెరుచుకుని... నా చేత్తోనే పసుపు పూశాను పదకొండింటికీ.”

నాంచారయ్య ముద్ద ఆపాడు.

“తల్లులు పోతే పిల్లలు గూట్లో అరుస్తన్నాయి. చెవులు మూసుకున్నా వినపడతన్నాయి. నూకరాజన్న ఇది కోళ్ల తెగులంటన్నాడు. ఆయన షెడ్డులో రెండొందల కోడుందిగా. చెట్టు కొట్టేస్తేగాని తెగులు పోదంట. పశువుల డాక్టరు వస్తానన్నాడు, రాలేదు. రేపు పొద్దున్నే చెట్లు కొడతారంట. పేరయ్య మావ కూడా ఊ అన్నాడు.”

“పదహారా?”

“పదహారూనంట. పిల్లలతో సహా. వింటన్నావా? అక్కడేమన్నా చచ్చినయ్యా నీ చెరువుల మీద? తెగులైతే అక్కడ కూడా చావాలిగా?”

నాంచారయ్య ఫోను వైపు వంగాడు.

“ఇక్కడ ఒక్కటీ చావలేదే” అన్నాడు.

అలా అంటూ నా వైపు చూశాడు. ఆ చూపు నేను మరచిపోను. చేతిలో ముద్ద కంచంలో పెట్టాడు. మళ్లీ తినలేదు.

మర్నాడు తెల్లారగానే నన్ను గోనెసంచిలో చుట్టి సైకిలుకు కట్టాడు. పనిలోంచి వెళుతున్నట్టు ఎవరికీ చెప్పలేదు. పాతిక కిలోమీటర్లు ఆగకుండా తొక్కాడు. ఎదురుగాలి. రెండు చోట్ల దిగి గొలుసు వేసుకున్నాడు. చెప్పకుండా ఊరుకుంటే అతని పేరు ఎక్కడా రాదు, తెగులు మీదకు పోతుంది. చెబితే ఊరు అతణ్ణి వదలదు. చెప్పకపోతే పదహారు చెట్లు, వందల పిల్లలు. దారి పొడుగునా అతను ఏమనుకున్నాడో నాకు తెలియదు. నేను అనుకున్నది ఒక్కటే, తొక్కు, ఇంకా తొక్కు అని.

మేం చేరేసరికి ఒక చెట్టు పడిపోయింది.

గొడ్డలి ఎంత తొందరగా పని చేస్తుందో చూశారా! పదకొండు పిట్టలు చస్తే ఎందుకు చచ్చాయని అడగటానికి ఆ ఊరికి పది రోజులు చాలలేదు. చెట్టు కొట్టటానికి ఒక్క గంట చాలింది. నేల మీద పుల్లలు, ఈకలు, పగిలిన గూళ్లు. వాటి మధ్య తెల్ల నూగుతో పిల్లలు. కొన్ని కదులుతున్నాయి. పైన తల్లులు గుండ్రంగా తిరుగుతున్నాయి. వాలటానికి చెట్టు లేదు.

రెండో చెట్టుకు గాటు పెడుతున్నారు. నాంచారయ్య సైకిలు పడేసి అడ్డం నిలబడ్డాడు.

“ఆగండి. తెగులు కాదు. నేనే.”

“నువ్వేంట్రా?” అన్నాడు పేరయ్య. ఊరి పెద్ద, డెబ్బై దాటినవాడు.

నాంచారయ్య సంచి విప్పి నన్ను ఆయన కాళ్ల ముందు పెట్టాడు.

“చెరువు మీద దీంతో కొట్టాను పెదనాన్నా. రోజూ కొట్టాను. చావలేదు, ఎగిరిపోయినయ్యనుకున్నా.”

గుంపులోంచి ఎవడో పకపకా నవ్వాడు.

“ఒరే, ఇది బుడగల తుపాకీరా! పోయిన తిరునాళ్లలో నేను పది గుళ్లు కాలిస్తే ఒక్క బుడగ పగల్లేదు. ఇది గూడబాతుని చంపుద్దంట!”

కోళ్ల షెడ్డు నూకరాజు ముందుకు వచ్చాడు. “చెట్లు ఆపటానికి ఏసాలేస్తున్నావా తమ్ముడూ? నీ పెళ్లాం ఫోను చేసిందని మాకు తెలవదనుకున్నావా? చచ్చిన పిట్టల మీద పడి ఏడవమను. నా కోళ్లు పోతే నువ్విస్తావా? జరుగు పక్కకి.”

నా బతుకులో నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. చేయని నేరం నెత్తిన పడితే మనుషులు మొత్తుకుంటారు. నేను చేసిన నేరాన్ని నాది కాదంటున్నారు! నేనే చంపాను. పదకొండింటినీ నేనే చంపాను. అరవటానికి నాకు నోరు లేదు. ఆ నవ్వుల మధ్య మట్టిలో పడి ఉన్నాను.

“పిట్టను కోసి చూడండి” అన్నాడు నాంచారయ్య. “లోపల గుండు ఉంటది.”

నవ్వు ఆగిపోయింది. పేరయ్య మొహం ఎర్రబడింది.

“ఏం కూశావురా? ఆడపడుచు మీద కత్తి పెట్టమంటావా? మా తాతలనాటి నుంచి పెట్టలేదు.”

అదీ సంగతి. పసుపు పూశారు, నీళ్లు పోశారు, ఏడ్చారు. గౌరవంగా పూడ్చిపెట్టారు. పిట్టతో పాటు నా గుండును కూడా గౌరవంగా పూడ్చిపెట్టారు. పదకొండుసార్లు. గొడ్డలితో చెట్టు నరకటానికి అడ్డం రాని మర్యాద, చచ్చిన పిట్టను తెరిచి చూడటానికి అడ్డం వచ్చింది.

అప్పుడు తిరుపతమ్మ వచ్చింది. తెల్లవారుజామున పడిన పన్నెండో పిట్ట ఆమె చంకలో ఉంది. దాని ఒళ్లంతా పసుపు. రెండో చేతిలో కత్తిపీట. రోజూ చేపలు కోసేది. పిట్టను అరుగు మీద పెట్టి, కత్తిపీట కాలితో తొక్కిపట్టింది.

“వద్దే” అన్నాడు పేరయ్య. “తప్పే తిరుపతమ్మా.”

“తప్పే మావా. చేశాక ఏం శిక్ష ఏసుకుంటారో ఏసుకోండి. పదకొండింటికి పసుపు పూసిన చెయ్యి ఇది. ఒక్కదాని ఒళ్లన్నా తడిమి చూడలేదు. ఇంతకన్నా తప్పా ఇది?”

రెక్క మొదలు పట్టి కోసింది. చీము కారింది. అక్కడున్న వాళ్లు ముక్కు మూసుకున్నారు. ఆమె వేలు పెట్టి తడిమి ఒక దాన్ని పైకి తీసింది. కొంగుతో తుడిచి పేరయ్య అరచేతిలో పెట్టింది. సీసపు గుండు. నడుం సన్నగా, ఒక పక్క నలిగి.

పేరయ్య వంగి నన్ను తీసుకున్నాడు. ఆ గుండును నా గొట్టం మూతి దగ్గర పెట్టి చూశాడు. సరిపోయింది. సరిపోదా? అది నాదే.

“ఒక్కదాంట్లో ఉంటే అన్నింట్లో ఉన్నట్టా?” అన్నాడు నూకరాజు. అతని గొంతు ఇందాకటంత లేదు.

“తవ్వుదాం పదండి” అంది తిరుపతమ్మ.

మూడు గుంటలు తవ్వారు. రెండు పిట్టల్లో గుళ్లు దొరికాయి. ఒకదాంట్లో రెండున్నాయి. మూడోదాన్ని కోయనివ్వలేదు పేరయ్య. చాలు అన్నాడు. గొడ్డళ్లు దించమన్నాడు. పదిహేను చెట్లు మిగిలాయి.

తిరుపతమ్మ చేతులు కడుక్కుని మొగుడి ముందుకు వచ్చింది.

“నీకు తెలుసా?”

“ఎగిరిపోయినయ్యనుకున్నానే.”

“ఎక్కడికి ఎగురుతాయనుకున్నావు? వాటికి వేరే ఇల్లుందా?”

నాంచారయ్య నేల చూశాడు.

పేరయ్య అక్కడే తీర్పు చెప్పాడు. పడిన చెట్టు మీది పిల్లలు ముప్ఫై ఒకటి బతికున్నాయి. వాటిని నాంచారయ్యే మేపాలి. అవి ఎగిరేదాకా ఊళ్లో ఎవరూ అతనితో మాట్లాడకూడదు, పెళ్లాం కూడా. ఇక నన్ను అటవీ శాఖ వాళ్లకు అప్పజెప్పాలి. నాంచారయ్య తలూపాడు. అప్పుడే బుట్ట తీసుకుని కాలువ వైపు నడిచాడు. తీర్పు బాగానే ఉంది. కానీ చెట్టు కొట్టినవాళ్లకు ఏ శిక్షా లేదు. గొడ్డళ్లు కడుక్కుని ఇళ్లకు పోయారు. అది ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు నేను అటవీ శాఖ ఆఫీసులో ఒక చీకటి గదిలో ఉన్నాను. మెడలో చీటీ కట్టారు. నా పక్కన ఉచ్చులు, వలలు, ఒక దుప్పి కొమ్ము. కేసు నడుస్తోందట. సత్యంబాబు వచ్చాడు. నా ముందే ఆఫీసరుతో మాట్లాడాడు.

“ఆటవస్తువండి అది. లైసెన్సు కాగితం కూడా అక్కర్లేదు. నేను కొట్టమన్నది నీటికాకుల్నండి, అదీ బెదిరించమన్నాను. వాడు అతి చేస్తే నాకేంటండి సంబంధం?”

ఆఫీసరు రాసుకున్నాడు. టీ తెప్పించాడు. ఇద్దరూ తాగారు.

నాంచారయ్య వాయిదాలకు వస్తాడు. వచ్చినప్పుడు గది తలుపు దగ్గర కాపలా ఉండే గార్డుతో రెండు మాటలు మాట్లాడతాడు. ఊళ్లో మాట్లాడేవాళ్లు లేరు కదా. మొదటిసారి వచ్చినప్పుడు పందొమ్మిది పిల్లలు ఉన్నాయన్నాడు. చేతుల నిండా ముక్కులతో గీరిన గాట్లు. తెల్లారేసరికి బుట్టెడు చేపలు పట్టాలట. నోట్లో పెడితే మింగవట, చేతిని మోచేతిదాకా ముక్కు సంచిలో దూర్చి పెట్టాలట. రెండోసారి పదకొండన్నాడు. నిన్న వచ్చాడు.

“ఏడు బతికినయ్యండి” అన్నాడు. “మొన్న ఎగిరినయ్యి.”

“ఇంకేం, శిక్ష అయిపోయినట్టేగా. పెళ్లాం మాట్లాడిందా?” అన్నాడు గార్డు.

“మాట్లాడిందండి. అన్నం తిను అంది.”

గార్డు నవ్వాడు. నాంచారయ్య నవ్వలేదు. కాసేపు గడప మీద కూర్చుని, “అయి చెరువుల వైపే పోయినయ్యండి. ఇంకెటు పోతాయి, ఆకలేస్తే” అన్నాడు.

“పోనీలే. నువ్వు లేవుగా అక్కడ.”

“నేను లేనండి. నా తర్వాత ఇంకొకణ్ణి పెట్టుకున్నారు బాబుగారు. ఆ తుపాకీలాంటిదే ఇంకోటి కొనిచ్చారంట. కొత్తదంట.”